ఎకో రిపోర్టులో 60 శాతం

గుండెకు తీసిన ఎకో రిపోర్టు చేతికి రాగానే చాలామంది వెతికేది ఒకటే అంకె. "మా నాన్నగారి పంపింగ్ 60 ఉందటండీ, పరవాలేదుగా?" అని ఫోన్ చేసి అడుగుతారు. పంపింగ్ అని వాళ్లంటున్నది రిపోర్టులో ఈ.ఎఫ్. అని ఉండే అంకె. ఎజెక్షన్ ఫ్రాక్షన్. గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్కసారి ముడుచుకుంటే ఎంత శాతం బయటికి పోతుందో చెప్పే లెక్క అది.

గుండెపోటు వచ్చి తేరుకున్న మనిషి గురించి అడిగితే జవాబు సులువు. 60 అంటే మంచి కబురే. వాల్వు జబ్బు ఉన్న మనిషి గురించి అడిగితే మాత్రం నేను వెంటనే అవుననలేను. ఏ వాల్వు? మూసుకుపోయిందా, లీకవుతోందా? పోయినేడు ఎంత ఉంది? ఇవన్నీ తెలిస్తే తప్ప ఆ 60కి అర్థం చెప్పలేం. వాల్వు జబ్బులో ఒక్కోసారి చెడిన వాల్వే గుండె బలహీనతను కప్పిపెడుతుంది. ఇంకోసారి బలహీనపడిన గుండే వాల్వు ఎంత చెడిందో బయటపడనివ్వదు. ఈ రెంటినీ విడదీసి చూడడమే ఎకో పరీక్షలో అసలు పని. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు లీకు సంగతి. గుండెకు ఎడమవైపు పై గదిని కర్ణిక అనీ, కింది గదిని జఠరిక అనీ బడిలో చదువుకున్నాం. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం కర్ణికలోకి వచ్చి, అక్కడినుంచి జఠరికలోకి దిగుతుంది. జఠరిక ముడుచుకుని దాన్ని బృహద్ధమనిలోకి, అంటే ఒళ్లంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద నాళంలోకి తోస్తుంది. కర్ణికకూ జఠరికకూ మధ్య రెండు రేకుల మైట్రల్ వాల్వు ఉంటుంది. జఠరిక ముడుచుకునే వేళకు ఆ రేకులు గట్టిగా మూసుకోవాలి. మూసుకోకపోతే రక్తం కొంత వెనక్కి, పై గదిలోకి చిమ్ముతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి జఠరికలో 120 మిల్లీలీటర్ల రక్తం నిండి, 72 మిల్లీలీటర్లు బయటికి పోయిందనుకుందాం. ఈ.ఎఫ్. 60 శాతం. మొత్తం 72 కూడా ఒంటికే చేరింది. పెద్ద లీకున్న మనిషిలో జఠరిక సాగిపోయి 200 మిల్లీలీటర్లు పట్టేలా పెరుగుతుంది. అందులో 130 బయటికి పోయింది. ఈ.ఎఫ్. 65 శాతం. రిపోర్టు చూస్తే ఈయన గుండే మెరుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ 130లో సగం, 65 మిల్లీలీటర్లు, వెనక్కి పోయింది. ఒంటికి దక్కింది 65 మాత్రమే. ఈ.ఎఫ్. లెక్కకు ముందుకు పోయిన రక్తం, వెనక్కి పోయిన రక్తం అన్న తేడా తెలియదు. గదిలోనుంచి వెళ్లిందంతా దానికి ఒకటే లెక్క.

పొలానికి నీళ్లు పెట్టే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. బోరునుంచి చేను చివరిదాకా వేసిన పైపు దగ్గర్లోనే పగిలితే మోటారు ఆగదు. ఎదురు ఒత్తిడి తగ్గింది కనుక నీళ్లను ఇంకా తేలిగ్గా తోస్తుంది. చివరి మడికి మాత్రం నీళ్లందవు. లీకున్న గుండె స్థితి అచ్చం ఇదే. బృహద్ధమనిలోకి తోయాలంటే 120 మిల్లీమీటర్ల బీపీకి ఎదురొడ్డాలి. పై గదిలో ఒత్తిడి అందులో చిన్న భాగం. అంత సులువైన దారి దొరికింది కనుక, కండరం అలిసిపోతున్నా అంకె 65 దగ్గరే నిలబడుతుంది.

అందుకే తీవ్రమైన మైట్రల్ లీకులో ఈ.ఎఫ్. 60కి వచ్చిందంటే మాకు ఆందోళన మొదలవుతుంది. అమెరికా, ఐరోపా గుండె వైద్య సంఘాలు రెండూ ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి. వాల్వు దానంతటదే చెడి లీకు తీవ్రంగా ఉన్నప్పుడు ఈ.ఎఫ్. 60కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక అడ్డుకొలత 40 మిల్లీమీటర్లకు చేరినా, రోగికి ఏ బాధా లేకపోయినా సరే, ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఆలస్యం చేస్తే ఏమవుతుంది? ఆపరేషన్‌తో లీకు కట్టేసిన మర్నాటినుంచి ఆ తేలిక దారి ఉండదు. రక్తమంతా బృహద్ధమనిలోకే తోయాలి. అప్పుడు బయటపడుతుంది కండరంలో మిగిలిన అసలు సత్తువ. 60 ఉన్న మనిషికి 45కు పడిపోవచ్చు. ఇంకా ఆలస్యమైతే ఆ గుండె మళ్లీ పూర్తిగా కోలుకోదు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఉపాధ్యాయుడి సంగతి చెబుతాను. యాభై ఏళ్ల లోపే. మైట్రల్ రేకు ఒకటి వెనక్కి జారి లీకు తీవ్రంగా ఉంది. "రోజూ పొద్దున్నే నడుస్తున్నానండీ, ఆయాసమే లేదు. ఎందుకండీ ఏటా ఈ పరీక్ష?" అన్నారు. ఆయన భార్య మాత్రం సంచిలోంచి పాత రిపోర్టులన్నీ తీసి బల్లమీద పెట్టారు. మొదటిదాంట్లో ఈ.ఎఫ్. 68, జఠరిక కొలత 34 మిల్లీమీటర్లు. తర్వాతిదాంట్లో 65, కొలత 37. ఆ వారం తీసినదాంట్లో 61, కొలత 40. మూడు కాగితాల అడుగునా జఠరిక పనితీరు నార్మల్ అనే రాసి ఉంది. ఈ.ఎఫ్. అంకె ఒక్కటే విడివిడిగా చూస్తే ఏ రిపోర్టులోనూ తప్పు పట్టడానికి లేదు. మూడూ పక్కపక్కన పెడితే గుండె ఎటు పోతోందో కళ్లకు కట్టినట్టు కనబడింది. ఆ నెలలోనే ఆపరేషన్ చేశారు. వాల్వు మార్చే పని లేకుండా ఆయన సొంత రేకునే కుట్టి సరిచేశారు. ఆపరేషన్ తర్వాత ఈ.ఎఫ్. 54కు దిగి, కొన్ని నెలలకు మళ్లీ పుంజుకుంది. ఆ పాత కాగితాలు దాచిన ఆవిడకు నేను చేతులెత్తి మొక్కాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. లీకు ఎంత ఉందన్నది ఆ పూట బీపీని బట్టి మారుతుంది. బీపీ 170 ఉన్నప్పుడు పెద్దగా కనిపించిన లీకు 120 ఉన్నప్పుడు తగ్గి కనిపించవచ్చు. పరీక్ష వేళ బీపీ ఎంతుందో రిపోర్టు పైన రాయడం చిన్న పని. అది రాయని రిపోర్టును పాతదానితో పోల్చడం కష్టం.

అసలు గుండెను ధ్వనితో చూసే ఈ ఎకో పరీక్ష పుట్టిందే వాల్వు జబ్బు కోసం. ఈ సంగతి చాలామందికి తెలియదు. స్వీడన్‌లో లుండ్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. అక్కడ ఇంగె ఎడ్లర్ అనే గుండె వైద్యుడు పనిచేసేవారు. ఆ రోజుల్లో మూసుకుపోయిన మైట్రల్ వాల్వును, గుండె కొట్టుకుంటుండగానే, సర్జన్ వేలు లోపలికి పోనిచ్చి విడదీసేవారు. వాల్వు కేవలం మూసుకుపోయి ఉంటే రోగికి ప్రాణం లేచివచ్చేది. లీకు కూడా ఉంటే ఆ ఆపరేషన్‌తో లీకు ఇంకా పెరిగేది. ఏది ఎంత ఉందో ముందుగా తెలుసుకోవడానికి అప్పట్లో నమ్మకమైన దారి లేదు. ఎడ్లర్ వెళ్లి కార్ల్ హెల్ముట్ హెర్ట్జ్ అనే యువ భౌతిక శాస్త్రవేత్తను సాయమడిగారు. ఓడల ఉక్కులో పగుళ్లు కనిపెట్టే అల్ట్రాసౌండ్ యంత్రం మాల్మో రేవులోని కోకుమ్స్ ఓడల కర్మాగారంలో ఉందని హెర్ట్జ్‌కు తెలుసు. దాన్ని అరువు తెచ్చి ఛాతీ మీద పెట్టి చూశారు. గుండెతో పాటు కదిలే ప్రతిధ్వనులు తెరమీద కనిపించాయి. 1953 అక్టోబరు 29న వాటిని మొదటిసారి ఫిల్ము మీద నమోదు చేశారు.

అన్నిటికన్నా స్పష్టంగా కదిలే ఒక గీతను ఎడ్లర్ మొదట ఎడమ కర్ణిక గోడ అనుకున్నారు. తర్వాత, మరణించిన రోగుల గుండెలతో సరిపోల్చి చూసి, అది మైట్రల్ వాల్వు ముందు రేకు అని తేల్చారు. వాల్వు మూసుకుపోయినవాళ్లలో ఆ గీత నెమ్మదిగా వాలేది. మామూలు మనుషుల్లో చురుగ్గా వాలేది. అలా సూది గుచ్చకుండా వాల్వు సంగతి తెలిసింది. 1977లో ఇద్దరికీ లాస్కర్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన గొప్ప మలుపు డాప్లర్. ధ్వని పుట్టించే వస్తువు దగ్గరికొస్తుంటే స్వరం పెరుగుతుందనీ, దూరమవుతుంటే తగ్గుతుందనీ చెప్పే సిద్ధాంతాన్ని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించారు. మూడేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో రైలు మీద బూరలు ఊదేవాళ్లను ఎక్కించి దాన్ని పరీక్షించి చూశారు. ఇప్పుడు ఎకో గదిలో మీరు వినే ఆ హోరు మీ రక్తకణాల మీద తగిలి తిరిగొచ్చిన ధ్వనిలోని తేడాయే. దానినిబట్టి రక్తం ఎంత వేగంతో పోతోందో తెలుస్తుంది. 1970లలో నార్వేలో లీవ్ హాట్లే వంటి వైద్యులు ఈ వేగంనుంచి ఒత్తిడిని లెక్కకట్టి, వాల్వు జబ్బులో అది నమ్మదగినదేనని చూపించారు. సూత్రం చిన్నది. వేగాన్ని వేగంతో హెచ్చించి, దాన్ని నాలుగుతో హెచ్చిస్తే వాల్వుకు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా వస్తుంది. అంతకుముందు ఆ అంకె కోసం గుండెలోకి గొట్టం పంపాల్సి వచ్చేది.

బృహద్ధమని మొదట్లో ఉండే అయోర్టిక్ వాల్వుకు ఇది ప్రాణం లాంటి సూత్రం. వయసు మళ్లినవాళ్లలో ఈ వాల్వు మీద సున్నం పేరుకుని గట్టిపడుతుంది. మామూలుగా రక్తం దీనిలోంచి సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్ల వేగంతో పోతుంది. దారి ఇరుకయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. సెకనుకు 4 మీటర్లు వచ్చిందంటే ఒత్తిడి తేడా 64 మిల్లీమీటర్లు. అది తీవ్రమైన జబ్బు కింద లెక్క. 5 మీటర్లయితే 100.

ఇక్కడ ఎకో తీసే మనిషి చేతిలోని నేర్పును గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ధ్వని కిరణం రక్తధారకు సరిగ్గా ఎదురుగా పోతేనే అసలు వేగం తెలుస్తుంది. 30 డిగ్రీలు పక్కకు తప్పితే 5 మీటర్ల వేగం 4.3గా కనిపిస్తుంది. ఒత్తిడి 100 బదులు 75 అని వస్తుంది. నాలుగో వంతు మాయం. అందుకని మంచి నిపుణులు ఒక్కచోట చూసి వదిలిపెట్టరు. ఎడమ రొమ్ము కింద చూస్తారు, కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి రొమ్ముఎముక పక్కన చూస్తారు, మెడ కింద గుంటలో ప్రోబు పెట్టి చూస్తారు. అన్నిటిలోకీ ఎక్కువ వచ్చిన వేగాన్నే రాస్తారు. "మళ్లీ కుడివైపు తిరగమన్నారు, ఏదో తేడా ఉన్నట్టుంది" అని రోగులు కంగారుపడుతుంటారు. కంగారుపడకండి. మీ గుండెను శ్రద్ధగా చూస్తున్నారని అర్థం.

ఇప్పుడు మొదట చెప్పిన రెండో మాటకు వద్దాం. బలహీనపడిన గుండె వాల్వు సంగతిని ఎలా దాస్తుంది? ఇరుకు దారిలోంచి వేగంగా తోయాలంటే తోసే బలం ఉండాలి. ఈ.ఎఫ్. 30కి పడిపోయిన గుండె అంత బలంగా తోయలేదు. వేగం 3 మీటర్లే ఉంటుంది. సగటు ఒత్తిడి తేడా 25 దాటదు. ఆ అంకెల్ని మాత్రమే చూస్తే వాల్వు జబ్బు మధ్యస్థం అనిపిస్తుంది. వాల్వు దారి వైశాల్యం లెక్కకడితే మాత్రం 0.8 చదరపు సెంటీమీటరు అని వస్తుంది. ఒకటి, అంతకన్నా తక్కువ ఉంటే తీవ్రం అంటాం. రెండు అంకెలు రెండు మాటలు చెబుతున్నాయి. దేన్ని నమ్మాలి?

అప్పుడు డోబుటమిన్ అనే మందును కొద్ది మోతాదులో నరంలోకి ఎక్కిస్తూ, గుండెను కాసేపు చురుకు చేసి, మళ్లీ ఎకో తీస్తాం. గుండె గట్టిగా తోయగానే ఒత్తిడి తేడా 40 దాటి, దారి ఇరుకు ఇరుకుగానే ఉంటే వాల్వు నిజంగానే చెడింది. మార్చాలి. దారి కాస్త విచ్చుకుని ఒకటి దాటితే, వాల్వు మరీ అంత చెడలేదు, గుండెకు బలం లేక అది సరిగ్గా తెరుచుకోవడం లేదని అర్థం. వైద్యం వేరే దారిలో చేయాలి. ఆ మందు ఎక్కుతున్న కొద్ది నిమిషాల్లో తెరమీద రక్తవేగాన్ని చూపే గీత ఎత్తు పెరుగుతుందా లేదా అని చూస్తూ నిలబడడం నా వృత్తిలో నేను అతి జాగ్రత్తగా ఉండే ఘడియల్లో ఒకటి. ఆ మనిషికి ఆపరేషన్ కావాలా అన్నది ఆ గీత మీద ఆధారపడి ఉంటుంది.

ఈ.ఎఫ్. 60 ఉన్నవాళ్లలో కూడా ఈ మోసం జరగవచ్చు. ముఖ్యంగా చాలా ఏళ్లుగా బీపీ ఉన్న పెద్దవయసు ఆడవాళ్లలో. గోడలు మందమై గది చిన్నదైపోతుంది. అందులో పట్టేదే తక్కువ. 60 శాతం తోసినా బయటికొచ్చే రక్తం కొద్దిగానే ఉంటుంది. కనుక ఒత్తిడి తేడా పెరగదు. "వయసు మీదపడింది, ఆయాసం మామూలే" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పే అమ్మమ్మల్లో, నాయనమ్మల్లో కొందరి జబ్బు ఇదే. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు బయటికి పోతోందో కొలిస్తే బయటపడుతుంది. అవసరమైతే సీటీ స్కాన్‌లో వాల్వు మీది సున్నం లెక్క చూస్తారు.

ఇటీవల స్ట్రెయిన్ అనే కొలత కూడా వచ్చింది. గుండె కండరపు పోగులు నిలువుగా ఎంత కురచవుతున్నాయో అది చూపిస్తుంది. మామూలుగా 20 శాతం దగ్గరగా ఉంటుంది. ఈ.ఎఫ్. ఇంకా బాగున్నప్పుడే ఇది తగ్గడం మొదలవుతుంది. అన్ని చోట్లా దొరకదు, యంత్రాన్ని బట్టి అంకె కొంత మారుతుంది. ఒకే యంత్రం మీద తీయించుకుంటే పోల్చడానికి పనికొస్తుంది.

ఇక మన ప్రాంతంలో ఇప్పటికీ చూస్తున్న జబ్బు ఇంకొకటి ఉంది. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపుతో జ్వరం, దానివల్ల మైట్రల్ వాల్వు రేకుల అంచులు అతుక్కుపోవడం. ఈ జబ్బులో జఠరిక తప్పేమీ లేదు. ఈ.ఎఫ్. చాలామందిలో బాగానే ఉంటుంది. అవస్థంతా వాల్వుకు పైన. రక్తం కిందికి దిగక కర్ణిక ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా 4నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి ఒకటిన్నరకు దిగితే తీవ్రం. ఎకోలో వాల్వును అడ్డంగా చూస్తూ, తెరుచుకున్నప్పుడు దాని అంచు వెంబడి గీత గీసి ఆ వైశాల్యం కొలుస్తాం. గుండెకు కుడివైపు వాల్వులో ఉండే చిన్న లీకు వేగంనుంచి ఊపిరితిత్తుల్లోని ఒత్తిడి తెలుస్తుంది. రేకులు ఎంత మందంగా ఉన్నాయి, ఎంత కదులుతున్నాయి, సున్నం ఎంత పట్టింది, కింది తాళ్లు ఎంత చెడ్డాయి అని నాలుగింటికీ మార్కులు వేస్తాం. మొత్తం 8 లోపుంటే బెలూన్‌తో వాల్వు తెరవడానికి బాగా వీలవుతుంది. ఛాతీ కోయనక్కర్లేదు.

ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లలో. పెళ్లయి, కడుపు పండిన తర్వాత చాలామందిలో మొదటిసారి బయటపడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40, 50 శాతం పెరుగుతుంది. గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే వాల్వు తెరుచుకుని ఉండే సమయం తగ్గుతుంది. ఇరుకు దారి, ఎక్కువ రక్తం, తక్కువ సమయం. ఆరో నెల, ఏడో నెల వచ్చేసరికి రాత్రిళ్లు పడుకోలేక లేచి కూర్చుంటారు. "కడుపుతో ఉంటే ఆయాసం రాదా ఏంటే" అని పెద్దవాళ్లు అనడం నేను చాలాసార్లు విన్నాను. అమ్మా, మామూలు ఆయాసం పడుకుంటే తగ్గుతుంది. పడుకుంటే పెరిగే ఆయాసానికి ఎకో తీయాల్సిందే. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, కేవలం ధ్వని. ఏ నెలలోనైనా తీయవచ్చు, ఎన్నిసార్లయినా తీయవచ్చు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిన అమ్మాయికి, మూడు వారాలకొకసారి పెనిసిలిన్ సూది వేయించుకున్న అమ్మాయికి గర్భం రాకముందే ఒక ఎకో తీయించండి. ఆ జ్వరం సంగతి అత్తవారింట తెలిస్తే ఏమనుకుంటారో అని దాచకండి. కాన్పు చేసే డాక్టరుకైనా చెప్పండి.

వాల్వు జబ్బు తీవ్రంగా ఉండి బాధ లేనివాళ్లు ఆరు నెలలకో, ఏడాదికో ఎకో తీయించుకోవాలి. మధ్యస్థంగా ఉంటే ఏడాదికో రెండేళ్లకో. కొద్దిగా ఉంటే మూడునుంచి అయిదేళ్లకోసారి సరిపోతుంది. ఈలోగా ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ పుట్టినా ఆ గడువు కోసం ఆగవద్దు. పరీక్షకు వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి. కాగితం మీద అచ్చు వెలిసిపోతుంది కనుక ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. ఎకో గదిలోకి వెళ్లగానే, పడుకోకముందే, ఆ పాత కాగితాన్ని డాక్టరు చేతిలో పెట్టి, "అప్పటికీ ఇప్పటికీ జఠరిక కొలత మారిందా?" అని అడగండి.